ఆకలికి పసుపు, గుడ్డుకు ఎరుపు

అమెరికా ఈశాన్య కొసన ఉండే మసాచుసెట్స్ రాష్ట్రంలో జూలై నెలాఖరుకు యాపిల్ కాయలు చాలావరకు పచ్చిగానే ఉంటాయి. ఆకుల మధ్య ఆకుల రంగులోనే ఉండి, వెతికితే తప్ప కంటికి ఆనవు. అదే చెట్టు మీద, తోట అంచున, ఎర్రగా నిగనిగలాడుతూ ఒక గుండు వేలాడుతుంటుంది. అడ్డుకొలత 8 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆ రోజుల్లో ఆ చెట్టు మీది ఏ కాయా అంత పెద్దది కాదు, అంత ఎర్రనిదీ కాదు. దాని ఒంటినిండా ఎండకూ వానకూ ఆరిపోని జిగురు పూసి ఉంటుంది. కొద్ది రోజులు పోయాక చూస్తే ఆ జిగురుకు అంటుకుని, రెక్కల మీద నల్లటి చారలున్న చిన్న ఈగలు కనిపిస్తాయి. చుట్టూ అసలు కాయలు వందలకొద్దీ ఉండగా అవి వచ్చి వాలింది ఈ నకిలీ కాయ మీద.

పచ్చి కాయలో గుడ్డు పెట్టే ఈగ ఎర్ర గుండును ఎందుకు ఎంచుకుంది? అసలా ఎరుపు దానికి కనబడుతుందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే తోటల్లో ఎరల రంగు గురించిన చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. మన మామిడి తోటల్లో కట్టే పసుపు జిగురు అట్టలు దేన్ని పట్టగలవో, దేన్ని పట్టలేవో కూడా బోధపడుతుంది.

ముందుగా ఈగ సంగతి. అరటిపండు మగ్గిపోతే వంటింట్లో ముసిరే చిన్న ఈగలు వేరు. అవి పులిసిన పండు మీద పెరిగే ఈస్టును తిని బతుకుతాయి, బాగున్న కాయ జోలికి రావు. రైతుకు నష్టం చేసేవి టెఫ్రిటిడే అనే కుటుంబానికి చెందిన పండు ఈగలు. ఈ కుటుంబంలో 4 వేలకు పైగా జాతులున్నాయి. వీటిలో తోటలను వేధించే జాతుల ఆడ ఈగకు పొట్ట చివర గట్టి మొనదేలిన గొట్టం ఉంటుంది. దానితో చెక్కుచెదరని కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్డు పెడుతుంది. పైకి చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది. లోపల పురుగు గుజ్జును తొలుచుకుంటూ పోతుంది, కాయ రాలుతుంది, పురుగు బయటికొచ్చి మట్టిలోకి దూరి కోశస్థ దశకు చేరుతుంది. మందు కొట్టే రైతుకు అసలు ఇబ్బంది ఇక్కడే. గుడ్డు, పురుగు కాయ లోపల భద్రంగా ఉంటాయి, కోశం మట్టిలో ఉంటుంది. పైపైన చల్లే మందుకు చిక్కేది రెక్కలొచ్చిన ఈగ ఒక్కటే. కాబట్టి దాన్ని గుడ్డు పెట్టకముందే పట్టాలి.

మసాచుసెట్స్ ఎర్ర గుండు మీద వాలిన ఈగ పేరు రాగొలెటిస్ పొమొనెల్లా. పుట్టుకతో అది యాపిల్ పురుగు కాదు. ఉత్తర అమెరికా అడవుల్లో హాథార్న్ అనే ముళ్ల చెట్టు చిన్న ఎర్ర కాయల్లో బతికేది. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు తమతో యాపిల్ తెచ్చారు. 19వ శతాబ్దం నడిమి రోజుల్లో ఈ ఈగల్లో కొన్ని యాపిల్‌కు మారాయి. 1867లో బెంజమిన్ వాల్ష్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. కొత్త చెట్టుకు మారిన ఈగలు క్రమంగా వేరే జాతిగా విడిపోవచ్చని కూడా అప్పట్లోనే రాశాడు. ఆ ఆలోచన మీద జీవపరిణామ శాస్త్రవేత్తలు ఇప్పటికీ పనిచేస్తున్నారు. అది ఇంకో పెద్ద కథ. మనకిక్కడ కావలసింది ఈ ఈగ దినచర్య.

చలికాలమంతా మట్టిలో గడిపి, వేసవి మొదట్లో కోశం చీల్చుకుని ఈగ బయటికొస్తుంది. అప్పటికి ఆడ ఈగ కడుపులో ముదిరిన గుడ్లు ఉండవు. అవి తయారుకావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకు మాంసకృత్తులు కావాలి. ఆ రోజుల్లో ఈగ తిరిగేదంతా ఆకుల మీదే. పేనుబంక విసర్జించిన తీపి ద్రవం, పక్షుల రెట్ట, ఆకు మీద పెరిగే సూక్ష్మజీవులు, ఇవే తిండి. కడుపు పండిన తరువాత దాని దృష్టి కాయ మీదికి మళ్లుతుంది. మగ ఈగలు ముందే కాయల మీద కాపు కాస్తుంటాయి, జత కట్టేది అక్కడే. తరువాత ఆడది కాయను గుచ్చి ఒక్క గుడ్డు పెడుతుంది. పెట్టాక తన గొట్టాన్ని తొక్క మీద ఈడ్చుకుంటూ తిరిగి, ఈ కాయ నిండిందని మరో ఆడ ఈగకు తెలిసేలా ఒక రసాయనం పూసి వెళుతుంది. ఒకే ఈగ కొన్నాళ్లు ఆకు మనిషి, ఆపైన కాయ మనిషి. రంగు కథంతా ఈ మలుపు చుట్టూనే తిరుగుతుంది.

ఈ మలుపును ఎరల ద్వారా పట్టుకున్నవాడు రొనాల్డ్ ప్రొకోపీ. 1935లో పుట్టి 2004లో కన్నుమూసిన ఈ కీటక శాస్త్రవేత్త మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలు పనిచేశాడు. కాన్వే అనే ఊళ్లో సొంతంగా యాపిల్ తోట పెంచాడు. ఈగ ఏం చేస్తోందో చెట్టు కింద నిలబడి గంటల తరబడి చూసి రాసుకునే రకం. 1968లో అచ్చయిన ఆయన పరిశోధనలో పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. చెక్కతో, అట్టతో రకరకాల ఆకారాలు, రకరకాల పరిమాణాలు తయారుచేయడం, వాటికి రకరకాల రంగులు వేయడం, జిగురు పూసి చెట్లకు కట్టడం, పడిన ఈగలను లెక్కపెట్టడం. వాసన ఏదీ కలపలేదు. కంటి చూపు ఒక్కటే ఈగను ఎంతదూరం నడిపిస్తుందో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం.

తేలిందేమిటంటే, యాపిల్ కాయంత గుండ్లలో ఎరుపు, నలుపు వంటి ముదురు రంగులకు ఈగలు ఎక్కువ పడ్డాయి. అదే ఆకారాన్ని బాగా పెద్దది చేస్తే, లేదా చదునైన పెద్ద పలకగా చేస్తే, ముదురు రంగులు వెనకబడి పసుపు ముందుకొచ్చింది. ఏ రంగు గెలుస్తుందన్నది ఆకారాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి మారిపోయింది. ఈగకు నచ్చిన రంగు ఏదని అడగడమే తప్పు ప్రశ్న అని ఇక్కడ తేటపడింది. చిన్న, గుండ్రని, ముదురు రంగు వస్తువు ఈగకు ఒక అర్థాన్నిస్తోంది. పెద్ద, చదునైన, పసుపు రంగు వస్తువు ఇంకో అర్థాన్నిస్తోంది. మొదటిది కాయ, రెండోది ఆకు.

పడిన ఈగలను కోసి చూస్తే ఈ మాట ఇంకా బలపడుతుంది. పసుపు పలకలకు ఎక్కువగా అంటేవి ఇంకా గుడ్లు ముదరని, ఆకలి మీదున్న ఈగలు. ఎర్ర గుండ్లకు అంటేవి జత కోసం వచ్చిన మగవి, గుడ్లతో నిండిన ఆడవి.

ఇప్పుడు కంటి దగ్గరికి వద్దాం. ఈగ తలలో సగానికి పైగా ఆక్రమించే రెండు సంయుక్త నేత్రాల్లో ఎన్నో చిన్న చిన్న కళ్లు పక్కపక్కనే అమరి ఉంటాయి. వాటిలోని కాంతిగ్రాహక కణాలు ఏ వెలుగుకు ఎంత స్పందిస్తాయో సన్నని ఎలక్ట్రోడులతో కొలవవచ్చు. 1982లో హెచ్.ఆర్. ఏజీ, ఎర్న్‌స్ట్ బొల్లర్, వారి సహచరులు మధ్యధరా పండు ఈగ, ఆలివ్ ఈగ, చెర్రీ ఈగ కళ్లను ఇలా పరీక్షించారు. మూడింటి తీరూ దాదాపు ఒకటే. 485 నుంచి 500 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం ఆకుపచ్చ కలిసే చోట, స్పందన అన్నిటికన్నా ఎక్కువ. 365 దగ్గర, మనకు కనిపించని అతినీలలోహితంలో, ఇంకో చిన్న శిఖరం. 600 దాటి ఎరుపులోకి వెళితే స్పందన అడుగంటిపోతుంది.

కాబట్టి మనం ఎరుపని పిలిచేది ఈగకు ఎరుపుగా అందదు. ఎర్ర రంగు 600 నానోమీటర్ల పైబడిన వెలుగును తిప్పికొట్టి, మిగతాదంతా మింగేస్తుంది. ఈగకు అక్కరకొచ్చే వెలుగేదీ దాని నుంచి తిరిగి రాదు. నల్ల రంగు నుంచి కూడా రాదు. అందుకే తోటలో ఎరుపు, నలుపు గుండ్లు ఈగలను దాదాపు సమానంగా ఆకర్షించాయి. ఈగకు అవి రెండూ చీకటి గుండ్లే. సాయంత్రపు వెలుతురుకు ఎదురుగా గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలినుంచి చూస్తే కట్టుబట్ట రంగు తెలియదు, ఆకారం మాత్రం అంచుల దాకా స్పష్టంగా తెలుస్తుంది. చెట్టు మీద కాయ కూడా ఈగకు అలాగే కనబడుతుంది. ఆకు పలచన, ఎండ దాని గుండా జల్లెడ పడి దిగుతుంది, ఆకాశపు వెలుగు సందుల్లోంచి తొంగిచూస్తుంది. కాయ మందం, వెలుగును అడ్డుకుంటుంది. అది పచ్చి కాయైనా సరే, వెలుగు నేపథ్యంలో నల్లటి గుండ్రని మచ్చ. ఎర్ర గుండు అదే లక్షణాన్ని ఇంకా గట్టిగా, ఇంకా పెద్దగా చూపిస్తుంది. అసలును మించిన నకిలీకి జంతువులు ఎక్కువగా లోబడటం జీవశాస్త్రంలో చాలాచోట్ల కనిపించే సంగతే. ఈ గుండు విజయం అంతా ఆ బలహీనత మీదే నిలబడింది.

పసుపు విషయంలోనూ ఇదే సూత్రం ఇంకో రూపంలో పనిచేస్తుంది. ఆకు 500 నుంచి 580 నానోమీటర్ల మధ్య వెలుగును కొంత తిప్పికొడుతుంది, అందుకే మనకు పచ్చగా కనిపిస్తుంది. పసుపు రంగు కూడా ఆ ప్రాంతంలోని వెలుగునే తిప్పికొడుతుంది, కానీ ఎన్నో రెట్లు ఎక్కువగా. దానికి తోడు ఎరుపును కూడా తిప్పికొడుతుంది, అందుకే మన కంటికి అది ఆకులా కాకుండా పసుపుగా తోస్తుంది. ఈగకు ఆ ఎరుపు భాగం దాదాపు లేనట్టే. మిగిలేది ఆకు రంగే, మరింత ప్రకాశంగా. అంటే పసుపు పలక ఆకలి మీదున్న ఈగకు బ్రహ్మాండమైన ఆకు. ఆకు మీద తిండి ఉంటుందని దానికి పుట్టుకతో తెలుసు.

నాకు ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ముక్క. రంగును మనం వస్తువు గుణంగా చూస్తాం. తోటలో అది ఈగ కంటికి, కడుపుకు, వెనకనున్న వెలుగుకు మధ్య కుదిరే బేరం. ఆ మూడింటిలో ఏది మారినా ఎర పని మారిపోతుంది. ఇది తెలియకుండా ఫలానా రంగు మంచిదని చెప్పే సలహా పాక్షికంగానే పనికొస్తుంది.

వెనకనున్న వెలుగు మాటను ప్రొకోపీ, ఆయన విద్యార్థులు 1980ల్లో లోతుగా పరీక్షించారు. ఎర్ర గుండును దట్టమైన ఆకుల నడుమ దాచేస్తే ఈగలు తక్కువగా పడ్డాయి. కొమ్మ చివర గాలిలో ఒంటరిగా వదిలేసినా తగ్గాయి. కాయలు, ఆకులు చుట్టూ ఉంటూ, గుండును తాకకుండా అన్నివైపులా మూరెడు లోపు ఖాళీ ఉన్నప్పుడు ఎక్కువ పడ్డాయి. ఈగ కాయల గుంపు దగ్గరికి వస్తుంది, అక్కడ అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేదాని మీద వాలుతుంది. గుండు కట్టే రైతు కత్తెర తీసుకుని చుట్టూ నాలుగు రెమ్మలు కత్తిరించడం గుండుకు రంగు వేయడమంత ముఖ్యమని దీనితో తెలిసింది.

వాసన లేకుండా రంగు ఒక్కటే పనిచేయదా అంటే, చేస్తుంది. కానీ దాని చేయి పొట్టిది. గుండు ఈగ కంట పడేది కొద్ది గజాల దూరం నుంచే. అంతకన్నా దూరం నుంచి తోట వైపు నడిపించేది పండు వాసన. 1982లో న్యూయార్క్ రాష్ట్రంలోని పరిశోధకులు యాపిల్ వాసనలో ఈ ఈగను లాగే ఎస్టర్లు అనే రసాయనాలను గుర్తించారు. ఆ తరువాత చిన్న సీసాలో ఆ వాసన నింపి గుండు పక్కనే కట్టడం మొదలైంది. పసుపు పలకకు మాత్రం వేరే వాసన కావాలి. అక్కడికి వచ్చేది తిండి కోసం గనుక కుళ్లే మాంసకృత్తుల నుంచి వచ్చే అమ్మోనియా వాసన దానికి జోడీ. పలకకు పండు వాసన, గుండుకు అమ్మోనియా వాసన కడితే ఒక ఆకలికి ఇంకో ఆకలి తిండి చూపించినట్టవుతుంది.

దీనివల్ల రైతుకు ఒరిగిందేమిటి? ఒకప్పుడు అక్కడి యాపిల్ రైతులు క్యాలెండరు చూసుకుని జూలై, ఆగస్టుల్లో వరసగా మందు కొట్టేవారు. ఈగ వచ్చిందా లేదా అన్న ప్రశ్నే లేదు. పసుపు పలకలు కట్టి చూసుకుందామంటే అవి తప్పుడు ధైర్యం ఇచ్చేవి. మందు కొట్టే తోటలో ఈగలు పుట్టవు. బయట అడవిలోని హాథార్న్ చెట్ల నుంచి, ఎవరూ పట్టించుకోని పాత యాపిల్ చెట్ల నుంచి వచ్చి దూరతాయి. అలా వచ్చేవాటిలో చాలామటుకు అప్పటికే తిండి ముగించుకుని, కడుపు నిండా గుడ్లతో వచ్చేవే. వాటికి పసుపుతో పనిలేదు. పలక ఖాళీగా ఉంటుంది, కాయల్లో మాత్రం పురుగు పడుతుంది. ఎర్ర గుండు ఆ ముదిరిన ఈగలనే పట్టింది. వాసన జోడించిన గుండుకు సగటున 5 ఈగలు పడేదాకా మందు అక్కర్లేదన్న లెక్క న్యూయార్క్ తోటల్లో నిలబడింది. క్యాలెండరు స్థానంలో గుండు వచ్చింది, మందు పిచికారీలు తగ్గాయి.

ప్రొకోపీ ఇంకా ముందుకు వెళ్లాడు. ఈగ బయటినుంచి వస్తుంది కాబట్టి తోట చుట్టూ అంచు చెట్లకు కొద్ది గజాలకొకటి చొప్పున గుండ్లు కట్టి, లోపలికి రాకముందే పట్టేయాలని చూశాడు. ఈగలు పడ్డాయి, కాయలు మిగిలాయి. కష్టమల్లా జిగురుతోనే. వారం రెండు వారాలకొకసారి ప్రతి గుండునూ గీకి, ఈగలను, ఆకు చెత్తను తీసి, మళ్లీ జిగురు పూయాలి. చేతులకు, బట్టలకు అంటే ఆ పనిని పెద్ద తోటల్లో ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని జిగురు మానేసి, చక్కెర, కొద్దిపాటి పురుగుమందు కలిపిన గుండ్లు తయారుచేశారు. వాలిన ఈగ చక్కెర నాకి చస్తుంది. వానకు చక్కెర కరిగిపోవడం ఒక సమస్య అయింది. పిండి, చక్కెర ముద్దతోనే గుండు చేస్తే ఉడతలు, ఎలుకలు వచ్చి కొరుక్కుతిన్నాయి. ఆయన చివరి ఏళ్లలో చాలా శ్రమ ఈ చిన్న చిక్కుల మీదే గడిచింది. ప్రయోగశాలలో రంగు రుజువు కావడానికి, ఒక రైతు ఆ రంగును వాడుకోగలగడానికి మధ్య ఇంత దూరముంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈగ పుట్టుకతో వచ్చిన చూపుకు బందీ కాదు. 1982లో సైన్స్ పత్రికలో ప్రొకోపీ బృందం చూపించినదాని ప్రకారం, ఒక రకం కాయ మీద గుడ్లు పెట్టిన ఆడ ఈగ తరువాత కూడా అదే రకం కాయను ఒప్పుకుంటుంది, కొత్త రకాన్ని తరచు వదిలేస్తుంది. గసగసాల గింజకన్నా చిన్న మెదడు అనుభవం నుంచి నేర్చుకుంటోందన్నమాట.

ఎర్ర గుండు అన్ని పండు ఈగలకూ మంత్రం కాదు. అక్రోటు కాయను చుట్టి ఉండే పచ్చటి పైతొక్కలో గుడ్లు పెట్టే ఈగకు కాలిఫోర్నియాలో ఆకుపచ్చ గుండు బాగా పనిచేసింది. బొప్పాయి ఈగకు కూడా ఆకుపచ్చ గుండే కావాలి. ఫ్లోరిడాలో జామను, నిమ్మజాతి పండ్లను ఆశించే కరీబియన్ ఈగ నారింజ రంగును కోరింది. యూరప్ చెర్రీ ఈగకు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు రెండు పసుపు పలకలను అడ్డంగా దూర్చిన ఎర తయారుచేశారు, అది ఇప్పటికీ అక్కడి తోటల్లో వాడుకలో ఉంది. అన్నిటికన్నా వింత ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పండు ఈగది. దానికి నీలం గుండు కావాలి. తోటల్లో నీలం రంగు పండు ఎక్కడుందని మనకు అనిపించవచ్చు. కానీ ఆ ఈగ తోటల కన్నా పాతది. దాని పుట్టినిల్లు తూర్పు ఆస్ట్రేలియా వర్షారణ్యాలు. మన రుద్రాక్ష వర్గానికే చెందిన ఒక చెట్టు అక్కడ ముదురు నీలం కాయలు కాస్తుంది. రుద్రాక్ష కాయ కూడా పైతొక్క ఒలవకముందు నీలంగానే ఉంటుందని చాలామందికి తెలియదు.

మన మామిడికి శత్రువైన బాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే పండు ఈగ సంగతి హవాయిలో తేలింది. 1991లో రోజర్ వర్గస్, ప్రొకోపీ, మరికొందరు కలిసి అక్కడ రకరకాల రంగు గుండ్లు కట్టి చూస్తే, ఈ ఈగ పసుపు, తెలుపు గుండ్లకు ఎక్కువగా వచ్చింది, ముదురు రంగులకు తక్కువగా. యాపిల్ ఈగకు పూర్తిగా తిరగబడిన ఫలితం ఇది. యాపిల్ ఈగ చెట్టున ఉన్న పచ్చి కాయను వెతుక్కుంటుంది. డోర్సాలిస్ వందలాది రకాల పండ్లలో బతికే ఈగ, పక్వానికి వచ్చే కాయంటే దానికి మక్కువ. జామ, మామిడి, బొప్పాయి పక్వానికి వచ్చేటప్పుడు ముదురు రంగు నుంచి లేత రంగుకు, పచ్చదనం నుంచి పసుపుకు మారతాయి. దాని కంటికి కాయ అంటే వెలుగుతున్న గుండు అయి ఉండాలి. ఈ చివరి మాట నా ఊహ. హవాయి లెక్కలు మాత్రం దానికి అడ్డురావు.

బంగినపల్లి, తోతాపురి, రసాలు పండించే మన జిల్లాల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ ఈగ కాలం. నష్టం రాలిన కాయలతో ఆగదు. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ భారత మామిడి దిగుమతిని నిలిపేసింది, ముఖ్య కారణాల్లో పండు ఈగ ఒకటి. 2015 జనవరిలో నిషేధం ఎత్తేశాక కూడా కాయలను 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచడం వంటి జాగ్రత్తలు తప్పనిసరి అయ్యాయి.

ఈ ఈగకు మన దగ్గర ప్రధానంగా కట్టేది మిథైల్ యూజినాల్ అనే ఆకర్షక పదార్థం పెట్టిన బుట్టలు. ఈ ఆకర్షణను కనిపెట్టింది కూడా మన దేశంలోనే. బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన ఎఫ్.ఎం. హౌలెట్ 1912లో సిట్రొనెల్లా నూనెకు ఈ ఈగలు ముసరడం గురించి రాశాడు, 1915 నాటికి అందులో పనిచేసే పదార్థం మిథైల్ యూజినాల్ అని తేల్చాడు. తులసిలో కూడా ఇది ఉంటుంది. అందుకే తులసాకు నలిపి పెట్టినా ఈగలొస్తాయి. పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈ పదార్థాన్ని, పురుగుమందును పీచు పలకలకు పట్టించి విమానాల నుంచి జారవిడిచి ఈగను పూర్తిగా నిర్మూలించామని 1965లో ప్రకటించారు.

ఐతే ఇది లాగేది మగ ఈగలనే. దీవిలో మగవాటన్నిటినీ ఊడ్చేయొచ్చు. పక్కతోట నుంచి, ఊళ్లో జామచెట్టు నుంచి, పొలం గట్టు మీది రేగుచెట్టు నుంచి కొత్త ఈగలు వచ్చిపడే మన పల్లెల్లో ఆ లెక్క కుదరదు. ఒక్క మగ ఈగ పలు ఆడవాటితో జత కడుతుంది. అప్పటికే జత కట్టిన ఆడ ఈగ బుట్ట పక్కనుంచే ఎగిరి వెళ్లి కాయను గుచ్చుతుంది. బుట్టనిండా ఈగలు పడ్డాయని సంబరపడిన రైతుకు కోతలో పురుగు కాయలు కనబడటానికి కారణం చాలాసార్లు ఇదే. ఊరంతా కలిసి ఒకేసారి బుట్టలు కడితే ఫలితం మెరుగవుతుంది. ఒక్క తోటలో కడితే అది ప్రధానంగా ఈగ వచ్చిందన్న కబురు చెప్పే సాధనమే.

ఆడ ఈగ కోసం అని కొందరు పసుపు జిగురు అట్టలు కడుతున్నారు. పత్తిలో, మిరపలో తెల్లదోమకు కట్టే అట్టలే ఇవి. మిరపలో తామర పురుగులకు నీలం అట్టలు కడితే ఫలితం ఉందని తెలిసిన రైతు, మామిడిలోనూ సరైన రంగు దొరికితే పనైపోతుందని ఆశించడం సహజం. కానీ చదునైన పసుపు అట్ట ఆకును అనుకరిస్తుంది. దానికి వచ్చేవి తిండికోసం తిరిగే లేత ఈగలు. పైగా పసుపుకు ఎంపిక లేదు. పేనుబంకను తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పండు ఈగ పురుగులోనే గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న బదనికలు, అన్నీ ఆ జిగురులోనే చస్తాయి. తెలుపు, నీలం, పసుపు బుట్టల్లో తేనెటీగలు ఎక్కువగా పడతాయని, ఎరుపు, ఆకుపచ్చ బుట్టల్లో తక్కువగా పడతాయని న్యూజీలాండ్ యాపిల్ తోటల్లో గమనించారు. మామిడి పూత మీదున్నప్పుడు తోటంతా పసుపు అట్టలు కట్టడం నా దృష్టిలో నష్టపు బేరం. పూతను కాయగా మార్చే ఈగలను, తేనెటీగలను మన చేతులతో మనమే పట్టి చంపుకోవడం అది.

మామిడికి సరిపోయే ఎరను మన తోటల్లోనే పరీక్షించి తేల్చాలి. హవాయి ఫలితాన్ని బట్టి మొదలుపెట్టదగిన రూపం ఇది: మామిడి కాయంత, నున్నటి పసుపు గుండు, దానితో పాటు పండు వాసన. చదును అట్ట వద్దు. పిందె దశలో వద్దు, కాయ ముదిరి కోతకు నెలన్నర ఉందనగా మొదలు కావాలి. కాయల గుత్తికి దగ్గరగా, చుట్టూ మూరెడు ఖాళీ ఉండేలా, తోట అంచు చెట్లకు ముందు కట్టాలి. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు గుండ్లను కూడా పక్క పక్క చెట్లకు కట్టి పోల్చకపోతే పసుపు గెలిచిందని చెప్పే హక్కు మనకుండదు.

లెక్కపెట్టేటప్పుడు ఎన్ని ఈగలన్నదానితో ఆగకూడదు. పొట్ట చివర మొనదేలి ఉంటే ఆడది, గుండ్రంగా మొండిగా ఉంటే మగది. మిథైల్ యూజినాల్ బుట్టలో దాదాపు అన్నీ మొండివే ఉంటాయి. గుండుకు అంటిన ఆడ ఈగను తీసి, భూతద్దం కింద పొట్టను సూదితో తెరిచి చూడాలి. లోపల మిల్లీమీటరు పొడవున్న తెల్లటి సన్నని గుడ్లు కనిపిస్తే ఆ ఈగ కాయ కోసం వచ్చింది, ఆ రంగు కాయ రంగుగా పనిచేసింది. పొట్ట ఖాళీగా ఉంటే అది తిండి కోసం వచ్చింది, మనం కట్టింది ఇంకో ఆకే.